పాత ధరల పట్టిక చూస్తే కడుపు మండుతోంది: పాతకాలపు కార్ల భాగాల్లో ఇప్పటికీ చవక ఏది, ఖరీదు ఏది?

వెర్నియర్:

1950లు, 60ల నాటి కార్ల ధరల పట్టికలు, డీలర్లకు పంపే విడిభాగాల కేటలాగులు తిరగేస్తున్నా. 1959లో మినీ 496 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్సులు. 1964 ఏప్రిల్‌లో ఫోర్డ్ మస్టాంగ్ 2,368 డాలర్లు. పాయింట్ల సెట్టు (స్పార్కు కోసం కాయిల్ కరెంటును తెంచే చిన్న స్విచ్చు), ఆయిల్ సీలు (తిరిగే షాఫ్టు పక్కనుంచి నూనె కారకుండా ఆపే రబ్బరు రింగు) లాంటివి చిల్లర డబ్బులకే. ఇప్పుడు అదే సీలుకు కారు పేరు చెబితే చాలు, అడిగే ధర వేరేగా ఉంటోంది. మూడు సందేహాలు:

ఒకటి, ధరలు నిజంగా అంత పెరిగాయా, లేక అంకె చిన్నదిగా కనిపించి మనం మోసపోతున్నామా?

రెండు, 1960ల నాటి మామూలు నాలుగు సిలిండర్ల కారును మళ్ళీ రోడ్డెక్కించాలంటే ఏ భాగాలకు డబ్బు తప్పదు, ఏవి తెలివిగా వెతికితే ఇప్పటికీ చవక?

మూడు, పెట్టె విప్పని పాత స్టాకు, అందరూ ఎన్‌ఓఎస్ అనేది, కొనొచ్చా? పాత పెట్టె, పాత లేబులు చూస్తే చెయ్యి ఆగడం లేదు మరి.

లెక్కల పద్దు:

మొదటిదానికి నేను చెప్తా. మస్టాంగ్‌నే తీసుకుందాం. అమెరికా వినియోగదారుల ధరల సూచీ 1964లో సగటున 31.0, 2023లో 304.7. అంటే దాదాపు 9.8 రెట్లు. 2,368ని దాంతో గుణిస్తే సుమారు 23,300 డాలర్లు. కడుపు మంట అక్కడే సగం తగ్గాలి. పైగా ఆ 2,368కి వచ్చేది ఆరు సిలిండర్ల 170 ఘనపు అంగుళాల ఇంజిను, మూడు గేర్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, ఒకే సర్క్యూట్ మాస్టర్ సిలిండరు (పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు నెట్టేది). ఒక్క పైపు పగిలితే నాలుగు బ్రేకులూ పోతాయి. రెండు సర్క్యూట్ల మాస్టర్ 1967 మోడల్‌తో గానీ రాలేదు. ఇప్పటి కారుతో పోల్చేముందు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే ఒట్టి భ్రమ అని కొట్టేయడానికీ లేదు. 1964 నాటి ఫెడరల్ కనీస వేతనం గంటకు 1.25 డాలర్లు, కాబట్టి ఆ కారు దాదాపు 1,900 గంటల పని. 2023లో అదే కనీస వేతనం 7.25, 23,300కి 3,200 గంటలు దాటుతుంది. కాబట్టి "అప్పట్లో అందేది" అన్న మాటలో నిజం ఉంది, కాకపోతే అది కారు ధరకన్నా జీతం సంగతి.

సేకరణ కార్ల ధరలకు ఈ లెక్క పనికిరాదు. ఫెరారీ 250 జీటీఓ 1962లో అమెరికాలో కొత్తది 18,000 డాలర్లు. ద్రవ్యోల్బణం కలిపితే 2018 నాటికి లక్షన్నర డాలర్లు అవ్వాలి. ఆ ఏడాది ఆగస్టులో మాంటెరే వేలంలో ఒకటి 4.84 కోట్ల డాలర్లకు పోయింది. ఇందులో ద్రవ్యోల్బణం వాటా ఆవగింజంత. తయారైనవి 36 కార్లు, కావాలనుకునే డబ్బున్నవాళ్ళు అంతకన్నా ఎక్కువ, అంతే సంగతి. ఈ ధరలను చూసి మన మామూలు కారు ధర అంచనా వేయకండి.

భాగాల ధర మూడో రకం. దీన్ని నడిపేది అచ్చు ఖర్చు. ఊరికే లెక్క కోసం ఒక రబ్బరు బీడింగు అచ్చుకు లక్ష రూపాయలనుకోండి. కంపెనీ రెండు లక్షల ముక్కలు పోస్తే ముక్కమీద పడేది అర్ధరూపాయి. ఇప్పుడు ఎవరో కొత్త అచ్చు చేయించి 200 ముక్కలే అమ్మగలిగితే ముక్కమీద 500. రబ్బరు మారలేదు, పని మారలేదు, భాగహారం మారింది. అందుకే ఎక్కువగా తయారైన కార్లకు భాగాలు ఇప్పటికీ చవక. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైంది, చివరిది మెక్సికోలోని ప్యుయెబ్లాలో 2003 జులై 30న బయటికొచ్చింది. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ ఐదు లక్షలకు పైనే, దానికి 1988 నుంచి కొత్త బాడీ షెల్ మొత్తం దొరుకుతోంది. ఇంకా కారు కొనకపోతే ముందు ఈ అంకె చూసుకోండి, మోడల్ అందం తర్వాత.

రెంచి 13:

రెండో ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే: కొట్లో కారు పేరు చెప్పకండి, కొలత చెప్పండి. మామూలుగా కార్ల కంపెనీ బేరింగులు, సీళ్ళు, బెల్టులు సొంతంగా చేసుకోలేదు. బయట కొని, తన నంబరు వేసి పెట్టెలో పెట్టింది. ఆ పెట్టె నంబరుతో వెతికితే అరుదైన సరుకు, లోపలి వస్తువు నంబరుతో వెతికితే వ్యవసాయ పంపుసెట్లకూ మోటార్లకూ వాడే మామూలు సరుకు.

బాల్ బేరింగుతో మొదలెడదాం. పక్కన చెక్కిన నంబరు ఉంటుంది, 6203, 6205 ఇలా. చివరి రెండంకెలు 04, ఆపైన అయితే ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం మిల్లీమీటర్లలో వస్తుంది. 6205 అంటే 25 రంధ్రం, 52 బయటి వ్యాసం, 15 మందం. 00, 01, 02, 03 మాత్రం వరసగా 10, 12, 15, 17. చివర 2ఆర్‌ఎస్ ఉంటే రెండు పక్కలా రబ్బరు మూత, జడ్‌జడ్ ఉంటే రేకు మూత, సీ3 ఉంటే లోపల కాస్త ఎక్కువ వదులు. డైనమోకు 2ఆర్‌ఎస్ వేసుకోవచ్చు. గేరుబాక్సులో నూనె లోపలికి వెళ్ళాలి కాబట్టి మూతల్లేనిదే వేయాలి.

ముందు చక్రాలకు ఎక్కువగా టేపర్ రోలర్లుంటాయి. వీటికి రోలర్లున్న లోపలి ముక్క కోనుకో నంబరు, బయటి రింగు కప్పుకో నంబరు. రెండూ రాసుకోండి. పాత కార్లలో చాలా వాటికి అంగుళాల సైజులే. బ్రిటిష్ కార్లలో బాల్ బేరింగులు కూడా కొన్ని అంగుళాలవే, షాఫ్టు 25.4 మిల్లీమీటర్లు ఉన్నచోట 25 బేరింగు ఎక్కదు. స్కేలుతో కొలిచి "పాతికే" అనుకుని తెస్తే వృథా. వెర్నియర్ కాలిపర్‌తో రెండు దశాంశాల దాకా చూడాలి. షాఫ్టు మీదికి దిగగొట్టేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తిడి, హౌసింగులోకైతే బయటి రింగు మీదే. బాల్స్ మీదుగా దెబ్బ వెళ్తే రేసు (బాల్స్ దొర్లే గాడి) మీద గుంటలు పడి, కొత్త బేరింగు మొదటి రోజే గరగరమంటుంది.

ఆయిల్ సీలుకు మూడు కొలతలు: షాఫ్టు వ్యాసం, హౌసింగు బోరు (సీలు కూర్చునే రంధ్రం), మందం. 35×52×10 అని అడిగితే చాలు. పాత సీలును కొలవద్దు, రబ్బరు కుంచించుకుపోయి ఉంటుంది, షాఫ్టునూ బోరునూ కొలవండి. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. క్రాంక్ షాఫ్టు దగ్గర, వేడెక్కే చోట వైటాన్ రబ్బరు వేయండి, 200 దాకా ఢోకా లేదు. సన్న స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకి. కొత్త సీలు వేసినా కారుతోందంటే తప్పు సీలుది కాకపోవచ్చు. షాఫ్టు మీద గోరు పెట్టి లాగండి, గోరు పట్టేంత గాడి ఉంటే పాత సీలు దాన్ని తిన్నట్టే. హౌసింగులో చోటుంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపితే సీలు పెదవి (షాఫ్టును ఆనే అంచు) అరగని చోట కూర్చుంటుంది. చోటు లేకపోతే పల్చటి స్టీలు తొడుగు వస్తుంది, పావు మిల్లీమీటరు మందం, దాన్ని షాఫ్టుకు తొడగడమే. షాఫ్టు మార్చే ఖర్చుతో పోలిస్తే అదెంత!

ఫ్యాన్ బెల్టు మీద 10×900 అని ఉంటే పైభాగం 10 మిల్లీమీటర్ల వెడల్పు, 900 పొడవు. నంబరు చెరిగిపోతే పుల్లీల చుట్టూ తాడు చుట్టి కొలుచుకోండి, డైనమోను సర్దుబాటు గాడి మధ్యలో పెట్టి. థెర్మోస్టాట్ కూడా అంతే, అంచు వ్యాసం, తెరుచుకునే ఉష్ణోగ్రత చూస్తే చాలు, 54 మిల్లీమీటర్లు, 82 డిగ్రీలు ఇలా.

కానీ రెండు చోట్ల మాత్రం "దాదాపు అదే" అన్న మాట ప్రాణం మీదికి తెస్తుంది.

మొదటిది బ్రేకు పైపుల నట్లు. అంగుళాల కార్లలో 3/8, అంగుళానికి 24 మరలు. మెట్రిక్ కార్లలో 10 మిల్లీమీటర్లు, 1 పిచ్ (మరకూ మరకూ మధ్య 1 మిల్లీమీటరు). చేతిలో పట్టుకుంటే అన్నదమ్ముల్లా ఉంటాయి. 10 మిల్లీమీటర్ల నట్టు 3/8 రంధ్రంలో ఎక్కదు, అదృష్టం. కానీ 3/8 నట్టు, అంటే 9.5 మిల్లీమీటర్లది, 10 మిల్లీమీటర్ల రంధ్రంలోకి హాయిగా దిగుతుంది. రెంచితో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు మర మొత్తం జారి బయటికొస్తుంది. చేత్తో తిప్పినప్పుడు పక్కకి ఊగుతుంటే ఆపేయండి.

రెండోది గాజు ఫ్యూజులు. పాత బ్రిటిష్ ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే అంకె, నిరంతరం మోసేది 17 ఆంపియర్లే. మామూలు కొట్లో దొరికే 35 ఆంపియర్ల ఫ్యూజు 35ని నిరంతరం మోస్తుంది. అది వేస్తే ఫ్యూజు కన్నా ముందు వైరింగు కాలుతుంది. 35 ఉన్నచోట 17 దగ్గరి విలువ వేయండి.

పాయింట్లు-ప్లగ్గులు:

మూడో ప్రశ్న. పెట్టె విప్పని పాత స్టాకులో ఇనుము కొనండి, రబ్బరు కొనకండి. గేర్లు, షాఫ్టులు, వాల్వులు, పిస్టన్లు, తాళాలు, దీపాల గాజులు, నూనె కాగితంలో చుట్టి ఉంటే యాభై ఏళ్ళైనా అలాగే ఉంటాయి. తరచూ ఇప్పుడు చేసే నకళ్ళకన్నా మేలు కూడా. బ్రేకు కప్పులు, డయాఫ్రాలు, హోసులు, ఇంజిన్ మౌంటింగులు, వైపరు బ్లేడ్లు మాత్రం పైన పటారం లోన లొటారం. పెట్టె మెరుస్తుంది, రబ్బరు గట్టిపడి పెదవి అంచు పగిలి ఉంటుంది. టైర్లయితే అసలు అడగొద్దు. పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది, అందంగా ఉంటే గోడకు తగిలించుకోండి.

పాత బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. గాలి గన్‌తో డ్రమ్ము ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. కొత్త లైనింగు అతికించి ఇచ్చేవాళ్ళకు పాత షూ ఇస్తే చాలు.

కార్క్ ప్యాకింగు ఎండి చిన్నదైపోతుంది, రంధ్రాలు కలవవు. పారేయకుండా కొన్ని గంటలు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి, మళ్ళీ సాగుతుంది. రాగి వాషర్లు, రాగి గాస్కెట్ల విషయంలోనూ డబ్బు దండగ చేయొద్దు. మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడతాయి, మళ్ళీ వాడుకోవచ్చు.

ఇక కండెన్సరు, పాయింట్లు తెరుచుకున్నప్పుడు వాటి మధ్య నిప్పు రేగకుండా చూసే చిన్న కెపాసిటరు. పాత ధరల మీద మమకారం ఉన్నవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఈ బుల్లి డబ్బా దగ్గరే. పాతదాంట్లో మైనం పట్టించిన కాగితం, అది తేమ పీలుస్తుంది. కొత్త నకళ్ళలో చాలాచోట్ల లోపలి తీగ అతుకు లేకుండా ఒట్టి ఒత్తిడి మీదే ఆని ఉంటుంది, వేడెక్కితే వదులవుతుంది. రెంటికీ లక్షణం ఒకటే. చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్టవుతుంది, ఇరవై నిమిషాలు నడిచాక తడబడి సైలెన్సరులో టపాసులు పేలుస్తుంది, చల్లారితే మళ్ళీ మామూలే. పెట్రోలు అడ్డుపడిందని కార్బ్యురేటర్ మూడుసార్లు ఊడదీస్తారు, తప్పు మాత్రం డిస్ట్రిబ్యూటర్‌లో ఉంటుంది. మూత తీసి చీకట్లో చూస్తే పాయింట్ల మధ్య నిప్పు బాగా మెరుస్తూ కనిపిస్తుంది. మీటరుతో 0.2 నుంచి 0.25 మైక్రోఫారడ్ రావాలి, కానీ చల్లగా కొలిచి సరిపెట్టుకోకండి, వేడి చేసి కొలవండి. ఎప్పటికీ బాధ లేకుండా ఉండాలంటే 0.22 మైక్రోఫారడ్, 630 వోల్టులు లేదా ఎక్కువ తట్టుకునే పాలీప్రొపిలీన్ కెపాసిటరు కొని, డిస్ట్రిబ్యూటర్ బయట చల్లటి చోట బిగించి, చిన్న తీగతో కలపండి. ఎలక్ట్రానిక్స్ కొట్లో దొరుకుతుంది, కారు పేరుతో పనిలేదు. రెంచి 13 గారి మాట ఇక్కడా పనికొస్తుంది.

డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకూ స్పార్కు పంచే రోటరు కూడా అలాంటిదే. నకళ్ళలో ఇత్తడి ముక్కను పట్టే రివెటు పొడుగై, స్పార్కు కింద షాఫ్టులోకి దూకుతుంది. పరీక్ష సులువు. మూత తీసి, కాయిల్ నుంచి వచ్చే లావు వైరును ఇన్సులేషన్ ఉన్న పటకారుతో రోటరు ఇత్తడికి 3 మిల్లీమీటర్ల పైన పట్టుకుని, ఇగ్నిషన్ ఆన్ చేసి పాయింట్లను పుల్లతో విడదీయండి. ఒకసారి సన్నగా మెరిసి ఊరుకుంటే మంచిదే. విడదీసిన ప్రతిసారీ గట్టి స్పార్కు దూకుతుంటే రోటరు లోపల కాలింది.

కాయిల్ కొనేటప్పుడు ప్రైమరీ ఓములు చూడండి. బ్యాలస్ట్ నిరోధం (కాయిల్‌కు వెళ్ళే కరెంటును తగ్గించేది) లేని కారుకు 3 ఓములది, ఉన్నదానికి 1.5 ఓములది. 1.5ని నేరుగా 12 వోల్టులకు కలిపితే పాయింట్ల మీద 8 ఆంపియర్లు పడి వారంలో నల్లబడతాయి. పాయింట్ల గ్యాపు చాలా వాటికి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. కొత్త పాయింట్లు వేశాక కామ్ మీద గ్రీజు ఆవగింజంత రాయకపోతే కామ్‌ను ఆనే పాయింట్ల మడమ అరిగి గ్యాపు దానంతటదే మూసుకుపోతుంది.

వెర్నియర్:

బోలెడు తెలిసింది, నెనర్లు. ఇంకో రెండు. మాస్టర్ సిలిండరు లోపల గుంటలు పడి ఉంది, నకలు కొనాలా, బోరు చేయించాలా? బంపర్ల క్రోమ్ ఎందుకంత ధర? అప్పటి కేటలాగులో బంపరు మొత్తం ధర ఏమంత లెక్కలోకి వచ్చేది కాదు.

తుప్పు డాక్టరు:

క్రోమ్ సంగతి. పైన మెరిసే క్రోమియం పొర పావు నుంచి అర మైక్రాను మందం. తుప్పును ఆపేదీ, మెరుపును ఇచ్చేదీ దాని కింద ఉన్న నికెల్, 20 నుంచి 30 మైక్రాన్లు. దాని కింద రాగి. ధర ఈ లోహాల్లో లేదు, మధ్యలో ఉంది. పాత పూత కరిగించడం, సొట్టలు తీయడం, రాగి వేయడం, గుంటలు పూడేదాకా రుద్ది మళ్ళీ రాగి, మళ్ళీ రుద్దడం, అప్పుడు నికెల్. అన్నీ చేత్తో పని. ఫ్యాక్టరీలో కొత్త రేకు వరసగా తొట్లలో మునిగి తేలేది, రుద్దే పనే తక్కువ. దానికి తోడు ఆరు వేలెన్సీల క్రోమియం క్యాన్సర్ కారకం. యూరప్‌లో 2017 సెప్టెంబరు తర్వాత అనుమతి లేకుండా క్రోమియం ట్రయాక్సైడ్ వాడకూడదు. వ్యర్థాల శుద్ధి ఖర్చంతా మన బిల్లులోకే వస్తుంది.

కాబట్టి ఇచ్చేముందు సొట్టలు టింకరింగ్ చేయించే ఇవ్వండి, పూత మీద సుత్తి పనికిరాదు. "రాగి వేసి రుద్దుతారా, నేరుగా నికెల్ వేస్తారా" అని అడగండి. నేరుగా అంటే ధర తక్కువే, రెండు వర్షాకాలాలకు పొక్కులొస్తాయి. వచ్చిన రోజే లోపలి వైపు మైనమో పెయింటో పట్టించండి, బంపరు ఎప్పుడూ వెనకవైపు నుంచే కుళ్ళుతుంది. డోరు హ్యాండిళ్ళు, బ్యాడ్జీల్లాంటి జింకు పోతవి వేరే కథ. వాటి గుంటల్లో చేరిన ఉప్పును తవ్వి తీయాలి, యాసిడ్ తొట్లో ఎక్కువసేపుంటే వస్తువే కరిగిపోతుంది. వీటికి మాత్రం మంచి పాత ముక్క వెతుక్కోవడమే చవక.

అసలు కారు కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి. అందరూ ఇంజిన్ తిరుగుతోందా అని చూస్తారు. తిరగని ఇంజిన్ ఉన్నా పర్లేదు, బోరు చేసి పిస్టన్లు వేస్తే అయిపోతుంది. బ్యాడ్జీలు, దీపాల చట్రాలు, బీడింగులు, డోరు లోపలి సామాను లేని కారు చవకగా వచ్చిందంటే ముందుంది ముసళ్ల పండగ. ఆ చిల్లర సామాను కూడగట్టేసరికి తలప్రాణం తోకకొస్తుంది.

తుప్పుకు నా పరీక్ష రెండు నిమిషాలది. డోరు కింద ఉండే సిల్లు వెంబడి పల్చటి అయస్కాంతం లాగండి, పట్టు తప్పినచోట కింద పుట్టీ ఉంది. తర్వాత ఒక పక్క జాకీ పాయింటు కింద జాకీ వేసి చక్రం లేచేదాకా ఎత్తి, ఆ పక్క డోరు తెరిచి మూయండి. మూసుకోకపోయినా, సందు పైన ఒకలా కింద ఇంకోలా మారినా, బాడీ నడుము విరుగుతోందని అర్థం. పెయింటు ఎంత మెరిసినా ధర ఆ డోరు సందే చెబుతుంది.

సిల్లు మార్చాల్సివస్తే కోయకముందే డోరు కన్నానికి అడ్డంగా ఇనప బద్దీలు వెల్డు చేయండి. ముఖ్యంగా పైకప్పు లేని కార్లకు. రెండు పక్కలా ఒకేసారి కోయకండి. 0.9 మిల్లీమీటర్ల రేకు, 0.6 వెల్డింగు తీగ, 25 మిల్లీమీటర్లకో చుక్క, ఒకచోట చుక్క పెట్టి దూరంగా ఇంకోచోట పెట్టాలి. ఒకే వరసలో లాగేస్తే వేడికి రేకు అలలు తిరుగుతుంది, తర్వాత దాన్ని పుట్టీతో కప్పాల్సివస్తుంది, ఏ జబ్బుకు మందు వేస్తున్నామో మళ్ళీ అదే.

ఆపరా బాబూ (బ్రేకుల మనిషి):

మాస్టర్ సిలిండరుకు నా ఓటు పాతదానికే, స్టీలు లేదా ఇత్తడి తొడుగు వేయించి. నకళ్ళలో పోత నాణ్యత ఒకదానికొకటి పొంతన ఉండదు. బోరు పెంచి పెద్ద కప్పులు వేయడం వద్దు, పెడల్ బలం మారిపోతుంది. తొడుగు వేశాక అసలు సైజే ఉండాలి. సైజు తరచూ పోత మీదే ఉంటుంది, 3/4 అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు.

తొడుగు పనిలో తప్పు జరిగేది ఒకేచోట. రిజర్వాయరు నుంచి బోరులోకి రెండు రంధ్రాలుంటాయి, ఒకటి పెద్దది, ఇంకోటి సూదిమొన అంత. తొడుగు వేసినప్పుడు ఆ రెండూ మళ్ళీ వేయాలి, లోపలి అంచు గరుకు తీయాలి. చిన్న రంధ్రం మూసుకుపోతే వేడెక్కిన ద్రవానికి వెనక్కి వెళ్ళే దారి ఉండదు, పది కిలోమీటర్లు నడిచేసరికి బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. గరుకు మిగిలితే రబ్బరు కప్పు పెదవి కోసుకుపోతుంది. సన్న తీగ పెట్టి చూసి గానీ బిగించకండి. పెడల్ రాడ్డుకు కాస్త ఆట ఉండాలి, లేకపోయినా అదే జబ్బు.

రబ్బరును పెట్రోలుతో, ఇంజినాయిల్‌తో కడిగారో ఉబ్బి పోతుంది. బ్రేకు ద్రవంతోనే కడగండి.

క్రోమ్ ప్రేమికుడు:

సిలికాన్ బ్రేకు ద్రవం, డాట్ 5 రకం, పోస్తే ఈ తలనొప్పులన్నీ ఉండవు కదా? నీళ్ళు పీల్చదు, పెయింటు తినదు.

ఆపరా బాబూ (బ్రేకుల మనిషి):

నీళ్ళు పీల్చదు, నిజమే. అందుకే లోపలికి చేరిన నీటిబొట్టు కలవకుండా అడుగున, అంటే వీల్ సిలిండరులో, కూర్చుని అక్కడే గుంట పెడుతుంది. బుడగలు త్వరగా పోవు, పెడల్ మెత్తగా ఉంటుంది. మామూలు ద్రవంతో అస్సలు కలపకూడదు, ఉన్న రబ్బర్లన్నీ మార్చి, పైపులు కడిగి, అప్పుడు పోయాలి. ఏడాదికోసారి బయటికొచ్చే ప్రదర్శన కారుకైతే సరే. రోజూ తిరిగేదానికి డాట్ 4 పోసి, రెండేళ్ళకోసారి మార్చండి. దాని మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230, నీళ్ళు పీల్చాక 155 డిగ్రీలు. డాట్ 3కి 205, 140. పేరు చూసి మోసపోకండి, డాట్ 5.1 సిలికాన్ కాదు, డాట్ 4 జాతిదే.

పాత సిట్రోయెన్లున్నవాళ్ళకు ఒక మాట. పాత డీఎస్ మోడళ్ళకు ఎర్రటి ఎల్‌హెచ్‌ఎస్ ద్రవం, 1966 తర్వాతి వాటికి చాలావరకు ఆకుపచ్చ మినరల్ ద్రవం ఎల్‌హెచ్‌ఎం. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే సీళ్ళన్నీ పోతాయి, బ్రేకులే కాదు సస్పెన్షనూ పోతుంది.

వెర్నియర్:

చివరగా, సీసం లేని పెట్రోలుకు వాల్వు సీట్లు (హెడ్డులో వాల్వులు ఆని కూర్చునే అంచులు) ముందే మార్పించుకోవాలా? హెడ్డు విప్పడానికే చేతులు రావడం లేదు. ముందు చక్రం బేరింగు నంబరు కూడా పూర్తిగా చెరిగిపోయింది. కోను రంధ్రం 19.05, కప్పు బయటి వ్యాసం 45.24 మిల్లీమీటర్లు వచ్చింది.

రెంచి 13:

విప్పకండి. అమెరికా రోడ్ల మీద 1996లో, యూరోపియన్ యూనియన్‌లో 2000లో, అన్నిటికన్నా చివర అల్జీరియాలో 2021లో సీసం పెట్రోలు ఆగిపోయింది. అయినా గట్టి సీట్లు వేయించుకోకుండానే తిరుగుతున్న పాత ఇంజిన్లు లెక్కలేనన్ని. సీటును కాపాడే సీసం లేకపోయినా, అది అరిగేది ఎక్కువసేపు ఎక్కువ వేగంతో లాగినప్పుడే. నోటుబుక్కు పెట్టుకుని 1,500 కిలోమీటర్లకోసారి ఎగ్జాస్ట్ వాల్వుల సందు చల్లగా ఉన్నప్పుడు కొలిచి రాయండి. 0.30 మిల్లీమీటర్లు పెట్టింది ప్రతిసారీ 0.30 దగ్గరే ఉంటే మీ సీట్లు బాగున్నాయి. 0.25, మళ్ళీ సర్దితే మళ్ళీ 0.22, ఇలా మూసుకుపోతూ ఉంటే వాల్వు సీటులోకి కుంగుతోంది, అప్పుడు హెడ్డు విప్పి గట్టి సీట్లు వేయించండి. అందరూ సందు పెరిగితే కంగారుపడతారు, ఇక్కడ తగ్గితేనే ప్రమాదం.

ఆ డబ్బుతో పెట్రోలు హోసులు మార్చండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆర్6 అని గుర్తున్న రబ్బరు లోపల మెత్తబడి పొరలు ఊడుతుంది, ఆర్9 అని రాసి ఉన్నది వేయండి. కార్క్ ఫ్లోటు ఉంటే దాని లక్క పూత ఇథనాల్‌లో కరుగుతుంది, ఇత్తడిదో ప్లాస్టిక్‌దో పెట్టండి. ఇంజినుకు 20డబ్ల్యూ-50 నూనె పోయండి. కొత్త తరం పల్చటి నూనెల్లో భాస్వరం 800 పీపీఎం దాటకూడదన్న పరిమితి ఉంది, పాత కామ్ షాఫ్టులు అరగకుండా ఉండాలంటే అంతకన్నా ఎక్కువ కావాలి. గేరు నూనె వాడే గేరుబాక్సుకు జీఎల్-4 రకం మాత్రమే, జీఎల్-5లోని గంధకం గేర్లు మార్చేటప్పుడు పనిచేసే ఇత్తడి సింక్రో రింగులను తింటుంది.

బేరింగు ఎల్‌ఎం11949 కోను, ఎల్‌ఎం11910 కప్పు. రెండూ కొత్తవే కొనండి, పాత కప్పు హబ్బులో బాగానే కనిపిస్తున్నా సరే. ఆ నంబరు బోటు ట్రైలర్లకు కూడా వాడతారు, అక్కడ అడిగి చూడండి.